వదిన ఎంచుకున్న స్టీరింగ్

నా పేరు మీ గుమాస్తా గారు పైన రాసుకున్నారు. రేవులో ఆ పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు, స్పానర్ అంటే చూపిస్తారు. వయసు నలభై ఏడు. బోటు ఇంజన్ల మెకానిక్‌ని. రేవు మెట్ల పక్కన రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. మొన్న మంగళవారం ఉదయం నేను కళ్ళారా చూసింది, నా చేత్తో చేసింది చెబుతున్నాను.

మా వదిన వయసు నలభై తొమ్మిది. మనుషుల్ని అవతలి ఒడ్డుకు చేర్చే బోటు నడుపుతుంది. లైసెన్సు ఆవిడదే. మా అన్నయ్యకు బోటెక్కితే వాంతులు, అందుకని ఒడ్డున కూర్చుని టిక్కెట్లు ఇస్తాడు. వదిన కావాలని తన బోటును గుద్ది పాడుచేసిందనీ, ఆవిడ లైసెన్సు రద్దు చేయాలనీ నీళ్ళ డబ్బాల బోటు యజమాని ఫిర్యాదు ఇచ్చారు. ఆ సమయానికి ఆయన రేవులో లేరు. నేను ఆ రెండు బోట్లలోనూ ఉన్నాను.

ముందు స్టీరింగ్ సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగిలింది అర్థం కాదు.

ఔట్‌బోర్డ్ ఇంజను బోటు వెనక బయటకు వేలాడుతూ ఉంటుంది. చక్రం తిప్పితే ఇంజనే పక్కకు మళ్ళుతుంది, దాంతోపాటు బోటు మళ్ళుతుంది. పాత పద్ధతిలో చక్రానికీ ఇంజనుకూ మధ్య కేబుల్ ఉంటుంది. ఇంజను పెద్దదైతే, నీళ్ళలో ఫ్యాను తిరిగే ఊపుకు ఎప్పుడూ ఒక పక్కకు గుంజుతూ ఉంటుంది. ఆ గుంజుడంతా చేతికి వస్తుంది. చెయ్యి వదిలితే చక్రం దానంతటదే తిరిగిపోతుంది. హైడ్రాలిక్‌లో కేబుల్ ఉండదు. చక్రం వెనక చిన్న పంపు, ఇంజను ముందు సిలిండరు, మధ్యలో పైపుల నిండా ఆయిలు. చక్రం చెప్పింది ఇంజను వింటుంది, ఇంజను గుంజుడు చక్రం దాకా రాదు. ఎక్కడ తిప్పి వదిలితే అక్కడే ఉంటుంది.

పోయిన ఏడాది వదిన మేడమెట్ల మీద జారి కుడి భుజం విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గాని చెయ్యి పైకి లేవదు. ఆ తర్వాత రెండు నెలలకే బోటుకు నూట యాభై హార్స్‌పవర్ ఇంజను పెట్టాం. రోజంతా ఆ చక్రంతో కుస్తీ పట్టి వచ్చాక ఆవిడకు జడ వేసుకునే ఓపిక కూడా ఉండేది కాదు. అన్నయ్య వేసేవాడు. మర్నాడు ఆ వంకర జడతోనే పనిలోకి వచ్చేది.

మూడు నెలల కిందట ఒక ఆదివారం షెడ్డుకు వచ్చింది. నాకు ఇంత వయసొచ్చినా ఆవిడకు చిన్నోణ్ణే.

"చిన్నోడా, హైడ్రాలిక్ పెట్టు," అంది.

"ఎందుకు వదినా? కేబుల్ ఎక్కడ అరిగిందో కంటికి కనబడుతుంది. ఆయిల్లో గాలి చేరితే ఎవరికి తెలుస్తుంది?"

"ఆ గాలేదో తీసెయ్యడం నీకు రాదా?"

నేను మాట దాటేశాను. నిజానికి నాకు రాదు. అప్పటిదాకా ఒక్కటి కూడా బిగించలేదు. ఇన్నేళ్ళ మెకానిక్‌ని, రాదని చెప్పడానికి నామోషీ వేసింది. అందుకని కేబులే మేలని వాదించాను. అదే వారంలో నీళ్ళ డబ్బాల బోటు నడిపే పెద్దాయన కూడా వచ్చి ఇదే అడిగారు. ఆయన నడిపే బోటుది తొంభై హార్స్‌పవర్. "నీకు కేబుల్ చాలు బాబాయ్," అన్నాను. ఆయన నా మాట విన్నారు. వదిన వినలేదు. ఈ ముక్క తప్పకుండా రాసుకోండి.

వదిన మూడు వారాలు నోటుబుక్కు పట్టుకుని తిరిగింది. హైడ్రాలిక్ ఉన్న ప్రతి బోటూ ఎక్కి, ఆ బాగాలేని చేత్తోనే చక్రం ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూసింది. ఎన్ని చుట్లు పడుతున్నాయో, ఏ చుట్టు దగ్గర భుజం నొప్పి పుడుతోందో రాసుకుంది. ఇంజనుకూ వెనక గోడకూ మధ్య సిలిండరు పట్టే చోటుందో లేదో టేపుతో రెండుసార్లు కొలిచింది. షాపులో రెండు పంపులు చూపించారు. ఒకటి వేలితో తిప్పినా తిరుగుతుంది, కాని ఆరు చుట్లు. రెండోది కాస్త బరువు, నాలుగున్నర చుట్లు.

"నీ భుజానికి మొదటిదే నయం," అన్నాను.

"బరువుంటే నడుం కూడా సాయం పెడతాను. ఆరు చుట్లు తిప్పేదాకా ఎదురుగా వచ్చేది ఆగుతుందా?" అంది.

రెండోదే తీసుకుంది. నాకు రాదని అప్పుడు ఒప్పుకున్నాను. ఆవిడ నవ్వలేదు. "అయితే ఇద్దరం నేర్చుకుందాం," అంది. షాపువాళ్ళిచ్చిన పుస్తకం తెరిచి ఒక్కో వాక్యం చదివింది, నేను బిగించాను. గాలి తీయడానికి ఆవిడ చక్రం తిప్పాలి, నేను వెనక మర కొంచెం వదులు చేసి బుడగలు వస్తున్నాయా అని చూడాలి. రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. నేను చాలన్నాక కూడా ఇంకో బుడగ కోసం చూసింది. ఇంకో బుడగ వచ్చింది.

మంగళవారం ఉదయం తొమ్మిదీ నలభైకి మనుషుల్ని అవతల దింపి ఖాళీగా వస్తున్నాం. పైపుల దగ్గర ఆయిలు చెమ్మ ఉందేమో చూడమని వదిన నన్ను వెంట తీసుకెళ్ళింది. బోటులో మేమిద్దరమే. మాకు ముందు రెండొందల గజాల దూరంలో నీళ్ళ డబ్బాల బోటు వెళుతోంది. డబ్బాల మీది పట్టా గాలికి లేచింది. దాన్ని లాగడానికి పెద్దాయన చక్రం వదిలారు. ఒక్క క్షణం. ఇంజను ఉన్నపళంగా పక్కకు మళ్ళింది, బోటు ఒరిగింది, కొన్ని డబ్బాలతో సహా ఆయన నీళ్ళలో పడ్డారు. మనిషి పడితే ఊడొచ్చి ఇంజను ఆగిపోయేలా, స్విచ్చి నుంచి నడుముకు తగిలించుకునే తాడొకటి ఉంటుంది. అది చక్రం పక్కన కొక్కేనికే ఉంది.

మనిషి లేని బోటు పూర్తి వేగంతో కుడివైపు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. పది లెక్కపెట్టేలోగా ఒక చుట్టు. పెద్దాయన ఆ చుట్టు లోపల ఉన్నారు. బోటు దగ్గరకు వస్తే నీళ్ళలో మునుగుతున్నారు, దాటిపోయాక తేలుతున్నారు. ప్రవాహానికి ఆ చుట్టు మొత్తం ఆయన వైపు జరుగుతోంది. నేను లెక్కపెట్టాను. మూడోసారికి బోటు ఆయనకు రెండు బారల దూరంలో వెళ్ళింది.

"ముందు ఆయన్ని ఎక్కిద్దాం వదినా," అన్నాను.

"ఆగి ఎక్కిస్తుంటే అది మన మీదకే వస్తుంది. ముందు దాన్ని ఆపాలి."

ఆ బోటు అవతలి వైపుకు వెళ్ళిన సందు చూసి మా బోటును చుట్టు లోపలికి పోనిచ్చింది. పెద్దాయనకూ ఆ బోటుకూ మధ్య. చక్రం కుడికి తిప్పింది. రెండు చుట్లూ, ఇంకాస్త. తర్వాత ఆ బాగాలేని కుడి చెయ్యి చక్రం మీద ఊరికే ఉంచింది.

"ఇది ఇక కదలదు. వేగం నేను చూసుకుంటాను. నువ్వు ఎడమ పక్కకు వెళ్ళి నిలబడు," అంది.

చక్రం కదల్లేదు. అయ్యా, నూట యాభై హార్స్‌పవర్ ఇంజను వెనక గుంజుతోంది, పక్క బోటు రేపిన అల మా మీద పడుతోంది, చక్రం కదల్లేదు. ఎడమ చెయ్యి వేగం పిడి మీద ఉంచి ఒక్కో గోరంత పెంచుతూ, తగ్గిస్తూ వచ్చింది. మొదటి చుట్టులో దాని వేగం అందుకుంది. రెండో చుట్టులో మధ్య సందు బారెడైంది, జానెడైంది. ఇంట్లో పాలు పొంగితే కంగారుపడే మనిషి. ఆ వేళ ముఖంలో కోపం లేదు, భయం లేదు. సూదిలో దారం ఎక్కించేటప్పటి ముఖం. మేము బిగించిన మరలన్నీ నాకు తెలుసు. ఆ మరలతో ఒక మనిషి ఇంత పని చేయగలదని తెలియదు.

మూడో చుట్టులో మా బోటు ఎడమ పక్కను దాని కుడి పక్కకు ఆనించింది. రెండూ ఒక్క బోటులా తిరిగాయి.

"దూకు చిన్నోడా," అంది. గట్టిగా కూడా అనలేదు.

దూకాను. డబ్బాల మీద పడి మోకాలు చెక్కుకుపోయింది. పాకుతూ వెళ్ళి కొక్కేనికున్న తాడు లాగేశాను. ఇంజను ఆగింది. అప్పుడు తొమ్మిదీ యాభై రెండు.

పెద్దాయన్ని వదినా నేనూ కలిసి మా బోటులోకి లాగాం. ఊపిరి అందాక ఆయన మొదట అడిగింది, "డబ్బాలేవి?" అని.

"డబ్బాలు పోతే పోయాయి, నువ్వున్నావు. కూర్చో బాబాయ్," అంది వదిన.

ఆయన మా బోటు అంచు మీద అరచెయ్యి పెట్టి, ఒడ్డు చేరేదాకా తీయలేదు.

ఫిర్యాదులో చెప్పిన సొట్ట నిజమే. కుడి పక్కన మూడు జానలుంది. వదిన కావాలనే చేసింది, అది నేను దాచను. పెద్దాయన అడిగిన రోజున నాకు రాదన్న మాట నేను దాచాను. తప్పు ఎవరి పేరునైనా రాయాలంటే అక్కడ రాయండి.

పైన ఉన్నదంతా నేను చెప్పిందే, నిజమే. కలిపింది లేదు, మింగింది లేదు. గుమాస్తా గారు చదివి వినిపించారు. నేను "ఆనించింది" అన్న చోట "గుద్దింది" అని పడింది. దాన్ని కొట్టివేయించి, నేనన్న మాటే రాయించాను. దిద్దిన చోట ఒకటి, ఇక్కడ ఒకటి, రెండు సంతకాలు చేశాను.

(సంతకం)