రెండో తెల్లకాగితం

టెక్కలి పోలీసు స్టేషను. 2026 ఫిబ్రవరి 3, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. హెడ్ కానిస్టేబుల్ లోకనాథం గారు అడగగా నేను చెప్పినది, వారు రాసుకొన్నది.

నా పేరు కాంతమ్మ. భర్త పేరు ఢిల్లీరావు. వయసు యాభై మూడు. చేపలు అమ్ముతాను. ఉండేది పాతజాలారిపేట, వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా. పుట్టిందీ అక్కడే, మెట్టిందీ అక్కడే, రెండు వీధుల తేడా. ఈ ముక్క గట్టిగా రాయండి. గొడవంతా నేను ఎక్కడ ఉంటానన్న దాని మీదే కదా.

నా మీద ఫిర్యాదు ఇచ్చిన పావని గారు నాకు ఆరేళ్ళుగా తెలుసు. వయసు యాభై ఒకటి. ఇల్లు కాశీబుగ్గలో. భర్త మహీధర్ గారికి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. మా పేటకు వచ్చే రోడ్డు పక్కన వాళ్ళకు జీడితోట, తోటలో ఒక చిన్న ఇల్లు ఉన్నాయి. షుగరు వచ్చిందని ఆవిడ ఆ ఇంటికి వచ్చి పొద్దున్నే నడిచేవారు. 2019 డిసెంబరులో ఒకరోజు ఉదయం ఆరున్నరకు నేను చేపల గంప నెత్తిన పెట్టుకొని పోతుంటే నా వెనకపడ్డారు. అందుకోలేకపోయారు. రొప్పుకుంటూ కేకేశారు.

"ఓలమ్మా, ఆగే! నెత్తి మీద అంత బరువెట్టుకుని ఆ నడకేటి? ఉత్త సేతుల్తో నాను అందుకోలేకపోతన్నాను!"

"ఆగితే ఎలాగమ్మా? ఎండెక్కితే సేపలు మెత్తబడిపోవా?" అన్నాను.

గంప నెత్తిన ఉన్నప్పుడు ఎగిరెగిరి నడిస్తే చేపల నీళ్ళు మొహం మీద కారతాయి. అందుకని మా ఆడవాళ్ళం కాలు నేల విడవకుండా, నడుం తిప్పుతూ నడుస్తాం. నడక పోటీల్లో నియమం కూడా అదేనట. రెండు కాళ్ళూ ఒకేసారి నేల విడవకూడదు. ఆ సంగతి ఆవిడే చెప్పారు. పలాసలో పెద్దవయసు వాళ్ళ కోసం పెట్టిన ఉద్దానం మాస్టర్స్ క్లబ్బుకు ఆవిడ సెక్రటరీ. రిటైరైన డ్రిల్లు మాస్టారు రమణమూర్తి గారు ప్రెసిడెంటు. నన్ను అందులో చేర్పించింది పావని గారే. నేను కాదనను. మంచి చేసింది కూడా చెప్పాలి.

చేరేటప్పుడు ఫారం మీద వేలిముద్ర వేస్తానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "ఏలిముద్రేటి కాంతమ్మక్కా! రేపు కప్పు తీసుకున్నప్పుడు కూడా ఏలే పెడతావేటి? నాను నేర్పుతాను, ఉండు" అన్నారు. తోట ఇంటి మెట్ల మీద కూర్చోబెట్టి, జీడిపప్పు డబ్బాల అట్టల మీద పెన్సిలుతో నేర్పారు. పంతొమ్మిది రోజులు పట్టింది. నా చేయి పట్టుకొని దిద్దించారు. నా చేతికి చేపల వాసన. ఆవిడ ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు. నన్ను అక్కా అన్నారు. మా పేట దాటి బయట నన్ను అక్కా అని పిలిచిన మనిషి ఆవిడొక్కరే.

2021 నుంచి 2025 దాకా ఐదుసార్లు జిల్లా పోటీలు జరిగాయి. మాది నలభై ఐదేళ్ళు దాటిన ఆడవాళ్ళ విభాగం. మూడు వేల మీటర్ల నడక. జిల్లా నుంచి పైకి ఒక్కరినే పంపుతారు. ఐదుసార్లూ నేను మొదట, పావని గారు రెండు. పోటీ రోజున ఇద్దరి నంబరు గుడ్డలకూ పిన్నీసులు నావే. మా ఆడవాళ్ళ గాజులకు, పుస్తెలతాడుకు పిన్నీసులు వేలాడుతూనే ఉంటాయి, ముల్లు దిగితే తీసుకోవడానికి. నాలుగు నాకు, నాలుగు ఆవిడకు. పోటీ అయ్యాక ఇచ్చేసేవారు. పోయినేడు ఇవ్వలేదు. నేనూ అడగలేదు. పిన్నీసులేగా అనుకున్నాను.

క్లబ్బు నియమాలు మాస్టారు ఏటా చదివి వినిపిస్తారు, నాకు కంఠతా వచ్చు. పోటీకి ముందు ఏడాదిలో కనీసం నూట ఎనభై రోజులు జిల్లాలో ఉండాలి. ఒకే క్లబ్బులో ఉండాలి. డిసెంబరు ముప్ఫై ఒకటిలోగా సంతకం పెట్టి సభ్యత్వం కొనసాగించుకోవాలి. క్లబ్బు వదిలి వేరే రాష్ట్రం పోతే, తిరిగొచ్చినా రెండేళ్ళు ఈ జిల్లా తరఫున నడవకూడదు.

2025 అక్టోబరు 6, సోమవారం నేను పారాదీప్ వెళ్ళాను. మా అమ్మాయి రూప అక్కడ ఉంటుంది. అల్లుడు బోటు మీద పని. రూపకు రెండో కాన్పు. రైలెక్కొద్దని డాక్టరు చెబితే నేనే వెళ్ళాల్సి వచ్చింది. ముందురోజు సాయంత్రం నాలుగున్నరకు తోట ఇంటికి వెళ్ళి రెండు తెల్లకాగితాల మీద, అడుగున, సంతకం పెట్టి, సభ్యత్వం ఫారం నా బదులు రాసి ఇమ్మని పావని గారి చేతికిచ్చాను.

ఎందుకిచ్చావంటారు. మీరు నవ్వినా నేను చెబుతాను. మా పేటలో మగవాళ్ళు గుజరాత్ బోట్ల మీదకు ఎనిమిది నెలలు పోతారు. పోయేటప్పుడు తెల్లకాగితాల మీద సంతకమో వేలిముద్రో పెట్టి, నమ్మిన మనిషి దగ్గర ఉంచి పోతారు. మనిషి లేడని ఇక్కడ సొసైటీలో పని ఆగిపోకూడదని. మా ఆయన ఇరవై రెండేళ్ళు అలాగే పోయాడు. ఒక్క కాగితం కూడా తప్పుదారి పట్టలేదు. అప్పుడు ఆ కాగితాలు ఉంచుకున్న మనిషిని నేను. సముద్రం మీద బతికేవాళ్ళం, ఎవరినీ నమ్మకపోతే ఇల్లు కదలలేం.

ఆవిడ అడగలేదు. నేనే ఇచ్చాను. ఇది కూడా రాయండి. ఇంకా ఆవిడే అన్నారు, "ఒకటి సాలు కదా కాంతమ్మక్కా, రెండెందుకు?" అని.

"ఒకటి తడిసిపోతేనో?" అన్నాను.

పారాదీప్ నుంచి నవంబరులో రెండుసార్లు, డిసెంబరులో ఒకసారి ఫోను చేశాను. డిసెంబరు ఫోను ఇరవై ఎనిమిదో తేదీ, పిల్లకు నీళ్ళు పోసిన తర్వాత. "ఫారం ఇచ్చేసావా పావనమ్మా?" అని అడిగాను. "ఎప్పుడో ఇచ్చేసాను. నువ్వు మనవరాల్ని సూసుకో, ఇక్కడి సంగతి నాకొగ్గీ" అంది. పారాదీప్‌లో కూడా నడక మానలేదు నేను. పిల్ల పడుకున్నప్పుడు గట్టు మీద గంటసేపు నడిచేదాన్ని.

2026 జనవరి 11న తిరిగొచ్చాను. వెళ్ళిన రోజు, వచ్చిన రోజు వదిలేసి లెక్కేస్తే తొంభై ఆరు రోజులు జిల్లాలో లేను. మిగతా ఏడాదంతా ఉన్నాను. మర్నాటి నుంచి రోడ్డు మీద ఒక్కదాన్నే నడిచాను. పావనమ్మ రాలేదు. మోకాలు నొప్పి అంది. నువ్వులనూనెలో వెల్లుల్లి కాచి సీసాలో పోసి ఆటోలో పంపాను. ఆ సీసా పంపింది తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే మంట.

ఫిబ్రవరి 1, ఆదివారం, జిల్లా ఎంపిక పోటీలు, ఇక్కడే టెక్కలిలో, కాలేజీ మైదానంలో. ఐదు నలభైకి ఆటో ఎక్కాను, పలాసలో బస్సు మారాను. ఎనిమిది పదికి మైదానంలో ఉన్నాను. ఆధారు, నివాస ధ్రువపత్రం, బూట్లు, ఎనిమిది పిన్నీసులు సంచిలో ఉన్నాయి. నాలుగు నాకు, నాలుగు ఆవిడకు.

నంబర్లిచ్చే బల్ల దగ్గర రమణమూర్తి మాస్టారు కూర్చున్నారు. నన్ను చూసి కళ్ళద్దాలు తీశారు. "నువ్వొచ్చీసావేటి కాంతమ్మా? నీ పేరు లేదు గదా" అన్నారు. ఫైలులోంచి కాగితం తీశారు. దాని మీది తేదీ డిసెంబరు 15. పైన ఏదో టైపు చేసి ఉంది. అడుగున నా సంతకం. మాస్టారు చదివారు. నేను నా కుమార్తె దగ్గర ఒడిశా రాష్ట్రంలో శాశ్వతంగా ఉండిపోతున్నానట. నా ఇష్టపూర్వకంగా క్లబ్బు వదులుకుంటున్నానట. శాశ్వతంగా అని రెండుచోట్ల ఉంది. మా పేటలో శాశ్వతంగా పోయేది సముద్రం తీసుకుపోయినవాళ్ళే. నేను సంచితో బల్ల ముందు నిలబడే ఉన్నాను.

"సంతకం నీదేనా?" అన్నారు మాస్టారు.

"నాదే."

"మరి?"

"రాత నాది కాదు మాస్టారూ. నాకు సదువే రాదు. మీకు తెల్దా?"

"సంతకం నీదైతే నా సేతిలో ఏటీ లేదమ్మా. రెండేళ్ళు ఆగాలి."

ఆయన చెడ్డవాడు కాదు. నీళ్ళ సీసా నా ముందుకు జరిపారు. నేను తాగలేదు. నా ధ్రువపత్రం చూపించాను. అది దొంగ కాగితమని ఫిర్యాదులో ఉందట. జనవరి 27న సచివాలయంలో మిషను మీద వేలు పెట్టి తీసుకున్న కాగితం అది. నా వేలు పెట్టగానే పాతజాలారిపేట అని వచ్చింది. మీరూ నా వేలు పెట్టించి చూడండి.

పావనమ్మ మైదానం అవతల బూటు తాడు కట్టుకుంటోంది. మోకాలు బాగానే వంగింది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. అప్పుడు టైము ఎనిమిది ముప్పావు.

"ఆ కాయితం మీద రాసింది నువ్వేనా పావనమ్మా?"

తల ఎత్తలేదు. తాడు విప్పింది, మళ్ళీ కట్టింది. తర్వాత చెప్పింది. "ఆరేళ్ళ నుంచి నీ ఈపే సూత్తన్నాను కాంతమ్మక్కా. రోడ్డు మీదా నీ ఈపే, పోటీలోనా నీ ఈపే. ఒక్కపాలి ముందుండాలనుకున్నాను. ఒక్కపాలే."

"అడగొచ్చు గదా?"

"అడిగితే ఇచ్చీదానివా?"

ఇచ్చేదాన్నో లేదో నాకు తెలీదు. అబద్ధం చెప్పను. కానీ అడగలేదు. అక్కా అని పిలిచిన నోటికి అడగడం రాలేదు.

ఆవిడ లేచి వెనక్కి తిరిగింది. వీపు మీద నంబరు గుడ్డ. దానికి నాలుగు పిన్నీసులు. ఒకదానికి ఎర్ర వలదారం ముక్క కట్టి ఉంది. అది మా ఆయన కట్టింది. నా పిన్నీసులతో నా చోటు కుట్టుకుని నిలబడింది. ఆ గుడ్డ పట్టుకొని లాగాను. అది నిజం. రెండు పిన్నీసులు ఊడాయి, ఆవిడ కాలు తడబడి పడింది. నేను తోయలేదు, కొట్టలేదు. మోచేయి గీసుకుంది. చేయి విరిగిందని ఫిర్యాదులో ఉంటే, ఆ తర్వాత ఆ చేయి ఊపుకుంటూనే మూడు వేల మీటర్లు నడిచిందని పక్కన రాయండి. ఇరవై మూడు నిమిషాల నలభై సెకన్లు. పోయినేడు నాది పంతొమ్మిది యాభై రెండు. మొదటి స్థానం ఆవిడదే. నేను గట్టు మీద కూర్చొని చూశాను. ఆవిడ ముందు ఎవరి వీపూ లేదు. అయినా రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

మైదానం నుంచి నన్ను ఎవరూ పంపలేదు. నేనే వచ్చేశాను. బస్సులో ఏడ్చాను. పోటీ పోయినందుకు కాదు. ఆ పంతొమ్మిది రోజులు గుర్తొచ్చి ఏడ్చాను.

నేను అడిగేది ఒకటే. నేను ఇచ్చినవి రెండు కాగితాలు. మాస్టారి ఫైలులో ఉన్నది ఒకటి. రెండోది ఇంకా ఆవిడ దగ్గరే ఉంది. దాని మీద పైనంతా ఖాళీ, అడుగున నేను. ఇల్లు అమ్మేశానని రాస్తే ఇల్లు పోతుంది. నేనే తప్పు చేశానని రాస్తే నేనే తప్పు చేసినదాన్నవుతాను. రాత్రి దీపం ఆర్పినా ఆ ఖాళీ నాకు కనబడుతోంది. నన్ను జైల్లో పెట్టినా సరే, ముందు ఆ కాగితం ఇప్పించండి. పిన్నీసులు ఉంచుకోమనండి.

ఇప్పటిదాకా రాసింది లోకనాథం గారు నాకు చదివి వినిపించారు. నేను ఇంకోసారి చదవమన్నాను. ఇంకోసారి చదివారు. అంతా నేను చెప్పిందే, ఎవరూ బెదిరించి చెప్పించింది కాదు, ఒక్క మాట ఎక్కువా లేదు, తక్కువా లేదు. సంతకం పెట్టమని పెన్ను ఇచ్చారు. పెట్టను. సంతకం నాకు ఆవిడ నేర్పింది. ఈ రోజు నుంచి ఆ సంతకం ఎక్కడ కనబడినా అది నా మాట కాదు. ఇదే ఆఖరి ముక్క. దీని కిందే, వేలు పట్టేంత చోటు కూడా ఎక్కువ వదలకుండా, ముద్ర వేస్తున్నాను.

(కాంతమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర)

నా సమక్షంలో వేసినది. ఆమె కోరిక మీద ముద్ర కింద మిగిలిన ఖాళీ స్థలమంతా గీతలు గీసి కొట్టివేయడమైనది. — లోకనాథం, హెడ్ కానిస్టేబుల్