ఆరు గుడ్ల తెల్లసొన

రక్తపరీక్షల ల్యాబు బయట బెంచీ మీద భార్యాభర్తలు కూర్చున్నారు. ఇద్దరి రిపోర్టులూ భర్త చేతిలోనే ఉన్నాయి.

“కొలెస్ట్రాల్ ఇంత ఎలా పెరిగిందే నీకు? ఏం తింటున్నావసలు?”

“ఇంట్లో ఉన్నదే.”

“పళ్ళెంలో సగం కూరలు, పావువంతు ప్రోటీను, మిగతాది అన్నమో రొట్టో అని రాసి వంటగది గోడకి అంటించాను కూడా. నీ చెవికెక్కితేగా. నన్ను చూడు. ఆర్నెల్లలో నా రిపోర్టు కడిగిన ముత్యంలా ఉంది.”

“మీ ప్రోటీనుకి రోజూ పొద్దున్నే ఆరు గుడ్లు ఉడకబెట్టేది నేనే కదండీ.”

“ఉడకబెడితే సరా? నోరు కట్టుకోవాలి. నేను తెల్లసొన తప్ప ముట్టను.”

“అవును. పచ్చసొనలన్నీ తీసి పళ్ళెం అంచున పెడతారు.”

“పారెయ్యమని మొదటిరోజే చెప్పాను.”

“చెప్పారు. చెత్తబుట్టలో ఒక్కనాడైనా ఒక్కటి కనపడిందా మీకు?”

“అంటే... ఆరూ నువ్వే తిన్నావా?”

“తిండి పారెయ్యడానికి నాకు చేతులు రావు. ఇంత ఉప్పు, మిరియాలపొడి చల్లుకుని గిన్నెలు తోముతూ తినేసేదాన్ని.”

“రోజూనా?”

“రోజూ.”

“ఒక్క ముక్క నాతో చెప్పొచ్చుగా.”

“ఆ పళ్ళెం ఒక్కరోజు మీరు కడిగుంటే నేను చెప్పక్కర్లేకుండానే తెలిసేది.”

“సరేలే. మరి నాకు మాత్రం అన్నీ సరిగ్గానే వచ్చాయే.”

“ఎందుకు రావూ? మీ గుడ్లలో మీకు పనికిరాని సగం ఇదిగో, నా రిపోర్టులో ఉంది.”