దారాల కొట్టు దోన్యా చూసిన రంగులు

సభాధ్యక్షులు, మన ఒరూరో ఊరి జరీ పనివారి సంఘం పెద్ద దోన్ సెలెదోనియో గారికి, ముందు వరుసలో ఉన్న పెద్దలకు, వెనక నిలబడి ఫోన్లు చూసుకుంటున్న మన ‘ఒరూరో రంగులు’ గుంపు మిత్రులకు, తల నిండా మనం చల్లిన రంగు కాగితపు ముక్కలతో ఈ కుర్చీలో ఇబ్బందిగా కూర్చున్న మా దోన్యా సతుర్నీనా అమ్మకు, బొమ్మలు గీసే ఈ నీవెస్ నమస్కారాలు.

నలభై ఏళ్లుగా కార్నివాల్ దుస్తులకు దారాలు అమ్మిన మనిషి, కొట్లో బేరం లేనప్పుడు కూతురి ఫోనులో మన బొమ్మలు చూడడం మొదలుపెట్టారు. టాబ్లెట్ మీద మనం గీసి గుంపులో పెట్టిన బొమ్మ కింద అందరూ ఓ గుండె గుర్తు పడేసి పోతుంటే, ఈవిడ మాత్రం ఆగి చూసేవారు.

నేను పెట్టిన మొదటి బొమ్మ, కార్నివాల్‌లో దయ్యాల నాట్యం అయ్యాక ముసుగు తీసి గట్టు మీద కూర్చున్న ఆటగాడిది. రెండు వందల మంది ఆహా ఓహో అన్నారు. ఆవిడ ఇలా రాశారు: “అంగీ ఎరుపే, ఆకాశం ఎరుపే, గోడా ఎరుపే. నా కన్ను ఎక్కడ కూర్చోవాలే పిల్లా? నువ్వు గీసింది ఆటను కాదు, అలసటను. ఆ సంగతి నీకైనా తెలుసా?” మూడు రోజులు ఒళ్లు మండిపోయింది, కావాలంటే మా కన్నతల్లి ఇక్కడే ఉంది, అడగండి. (నవ్వులు) నాలుగో రోజు ఆకాశాన్ని చలి సాయంత్రపు నీలంలోకి దించాను. అప్పుడు గానీ ఆ ఆటగాడు నిజంగా అలసిపోలేదు. నేనేం గీశానో నాకూ అప్పుడే తెలిసింది.

ఈ రోజుతో ఆవిడ కొట్టు మానేస్తున్నారు. అది న్యాయమే. మన గుంపునూ వదిలేస్తానంటున్నారు. ఏడాదిగా మన బొమ్మలన్నీ మాసిన గుడ్డల్లా ఉన్నాయట, రంగు తెలిసిన పిల్లలే లేకుండా పోయారట, ఇక చూడబుద్ధి కావడం లేదట. మొన్న మనలో ఒకరు గీసిన, మొక్కజొన్నతో కాచే అపి పానీయం గ్లాసు కింద “ఈ బూడిద నీళ్లు ఎవరు తాగుతారు?” అని రాశారు. మనమంతా “మారుస్తాం అమ్మా” అన్నాం. నేనూ అన్నాను.

పెద్దలు క్షమించాలి, రాసుకొచ్చిన కాగితం ఇక్కడితో మడిచేస్తున్నాను.

అమ్మా, ఆ అపి ఊదాగానే ఉంది. పొయ్యి మీంచి ఇప్పుడే దింపినంత ఊదాగా ఉంది. కొట్లో మీరు నీలమని ఇచ్చే దారపు ఉండల్ని మీ అమ్మాయి చప్పుడు చేయకుండా మార్చి ఇస్తోంది. రంగులు మా బొమ్మల్లో పోలేదమ్మా, మీ కంట్లో ఏదో అడ్డుపడింది. ఏడాదిగా మాకందరికీ తెలుసు. మీరు నొచ్చుకుంటారని మీ మాటల కింద గుండె గుర్తులు పెడుతూ కూర్చున్నాం. మీరు మాకు ఒక్కనాడూ చేయని మోసం మేం మీకు చేశాం. నాకు సిగ్గుగా ఉంది.

(దోన్యా సతుర్నీనా కుర్చీలోంచి: “అయితే మీరు బాగానే గీస్తున్నారన్నమాట.”)

బాగానే గీస్తున్నామమ్మా.

(“మరి చెప్పడానికి నోరు పడిపోయిందా, దద్దమ్మా?”)

భయమేసిందమ్మా. (నవ్వులు) మీ అమ్మాయి కంటి డాక్టరు గారిని అడిగింది. శుక్లమే అయ్యుంటుందట, తీస్తే రంగులు మళ్లీ తేటగా కనిపించవచ్చట. గురువారం పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నారు. మీతో చెప్పే ధైర్యం లేక ఆ పని నా నెత్తిన పెట్టింది. ఇప్పుడు చూడండి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

(దోన్యా సతుర్నీనా కూతురి వైపు తిరిగి చూశారు. తర్వాత: “ఈ ఏడాది బొమ్మలు ఒక్కటీ చెరపొద్దు. అన్నీ మళ్లీ చూడాలి.”)

చెరపమమ్మా. ఒక్కటి కూడా.

విన్నారుగా, ఇంక నేను చెప్పేదేమీ లేదు. ఓపిగ్గా కూర్చున్న మీ అందరికీ ధన్యవాదాలు. నాకు సెలవు. సతుర్నీనా అమ్మకు మాత్రం మన గుంపు నుంచి సెలవు ఇవ్వడం లేదు.