చీటీ లేని మాత్రలు

పరాయి దేశంలో జైలు ములాఖత్ గది. అద్దానికి అవతల తమ్ముడు, ఇవతల అక్క. చెవుల దగ్గర ఫోన్లు.

"తిన్నావా లేదా, అది చెప్పు ముందు."

"తిండి సంగతి తర్వాత. చీటీ తెచ్చావా అక్కా?"

"ఏం చీటీ?"

"డాక్టరు చీటీ. ఆ నడుంనొప్పి మాత్రలు నీ కోసం రాసినవని రుజువుంటే, అమ్ముకోవడానికి తేలేదనైనా నమ్ముతారట. లాయరమ్మ నీకూ ఫోన్ చేసి చెప్పిందిగా."

"చెప్పింది, చెప్పింది. బాగా చిక్కిపోయావురా."

"మాట దాటెయ్యకు. ఈ దేశంలో పర్మిషన్ లేకుండా అవి తేవడమే నేరమట. నీకు తెలుసా, తెలీదా?"

"విన్నాను. మరీ ఇంత పట్టించుకుంటారనుకోలేదు."

"విన్నావా! మరి స్ట్రిప్పులు చించి విటమిన్ సీసాలో పొయ్యమన్నావే?"

"పెట్టెలో చోటు పడుతుందని..."

"నా పెట్టె సగం ఖాళీ. దాచే ఉద్దేశం లేకపోతే వేరే సీసా ఎందుకని ఎయిర్‌పోర్టులో పట్టుకున్న ఆఫీసరు అడిగిందే అడుగుతున్నాడు. ఏం చెప్పను? మా అక్క పొయ్యమంది, నేను కూర్చుని రెండు వందలు ఒలిచాను అని చెప్పనా?"

"గట్టిగా అరవకు. ఆ గార్డు ఆవిడ చూస్తోంది."

"చూడనీ. నాలుగేళ్ళంటున్నారు. బస్సు నడిపేవాణ్ణి, జైలుకెళ్ళొస్తే స్టీరింగు ఎవడిస్తాడు? ఆ డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చెయ్."

"ఆయన రాయడం మానేశాడు."

"ఎప్పుడు?"

"పోయినేడు."

"ఎందుకు? నీళ్ళు నమలకు."

"ఎక్కువ వేసుకుంటున్నానట. నొప్పి ఆయనకా, నాకా?"

"రోజుకెన్ని?"

"నొప్పిని బట్టి..."

"ఎన్ని?"

"పది. ఒక్కోరోజు పన్నెండు."

"ఛీ."

"అలా అనకురా."

"ఏమనమంటావ్? నెలరోజులు ఉండి వెళ్ళు తమ్ముడూ, నిన్ను చూడాలనుంది తమ్ముడూ అని ఏడిస్తే నిజమేననుకుని వచ్చాను. నన్ను మోతగాడిదని చేశావ్. ఈ ఫోను ఎవరెవరి ఉమ్మో కంపు కొడుతోంది, అయినా నీ మాటలకన్నా నయం."

"నాకు మాత్రం బాధ లేదా? మూడు రోజులుగా నిద్ర లేదు, ఒళ్ళంతా వణుకు."

"సోమవారం కోర్టు. వచ్చి అవి నావి అని చెప్తావా?"

"చెప్తే నా ఉద్యోగం..."

"చెప్తావా, చెప్పవా?"

"చూద్దాంలే. టైమైపోతోంది. ఒక్కమాట అడుగుతా, కోప్పడకు."

"అడుగు."

"నీ పెట్టె నాకిచ్చేశారు. లోపలి గుడ్డ కోసి చూశాను, బూట్లలో చూశాను. నిజం చెప్పు నాన్నా, అన్నీ ఆ సీసాలోనే పోశావా? ఒక్కటి, ఒక్కటైనా ఇంకెక్కడైనా పెట్టావా?"