నిధి వేటలో ఊర్మిళ

జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో ఒక శనివారం ఉదయం. వంటింటి బల్లకు అటు ఊర్మిళ, ఇటు ఆమె భర్త జితేంద్ర. అతని చేతిలో ఉన్నది ఆమె జర్మన్ నేర్చుకునే స్కూలు నుంచి వచ్చిన ఉత్తరం.

“టీ చల్లారిపోతోందండీ.”

“టీ సంగతి తర్వాత. ఐదు వారాలుగా నువ్వు క్లాసుకి రావట్లేదని రాశారు ఊర్మీ.”

“ఐదా? నాలుగేమో.”

“ఐదని అంకె వేసి మరీ రాశారు.”

“వీళ్ళకి వేరే పనేం లేదు. చక్కెర సరిపోయిందా?”

“ఊర్మీ.”

“ఇంట్లోనే ఉన్నానండీ. ఎక్కడికీ పోలేదు.”

“ఇంట్లో ఏం చేస్తున్నావు?”

“చెప్తే మీరేమనుకుంటారో.”

“ఏమీ అనుకోను. చెప్పు.”

“నిధి వెతుకుతున్నా.”

“నిధా?”

“క్రిస్మస్ సెలవుల్లో మీరు ముచ్చటపడి కొనుక్కుని, రెండో చాప్టర్లోనే కళ్ళు తిరుగుతున్నాయని వదిలేశారే, ఆ వీడియో గేము. పాపని ఆ కిటా బడిలో దింపడం, ఇంటికొచ్చి తలుపేసుకోవడం, కొండెక్కడం. అదీ నా చదువు.”

“ఆ నీళ్ళొచ్చే గుహ దాటావా?”

“అదెప్పుడో దాటా. ఓడలు మునిగిన ఊరు కూడా చూసొచ్చా.”

“ఆ మూడు చక్రాలెలా తిప్పావు? నాకు ఎంతకీ...”

“మీరిప్పుడు తిడుతున్నారా, అడుగుతున్నారా?”

“తిడుతున్నా. అంత ఏముంది అందులో?”

“అచ్చం సినిమానే అండీ. కాకపోతే సినిమాలో హీరో దూకితే మనం చూస్తాం, ఇందులో మనం నొక్కితేనే దూకుతాడు. దూకేది వాడు, కాళ్ళు వణికేది నాకు. ముప్పై నాలుగేళ్ళదాన్ని, ఎం.టెక్ చదివినదాన్ని, సోఫా అంచున కూర్చుని ‘తాడు పట్టుకోరా నాయనా’ అని అరుస్తున్నా. మొదట్లో ఓ రోజు కింది ఇంటావిడ వచ్చి బెల్లు కొట్టింది.”

“ఎందుకు?”

“ఎవరైనా పడిపోయారా అని.”

“ఏం చెప్పావు?”

“నాకు జర్మన్‌లో నోరు పెగిల్తేగా? తలూపాను. పాపం, వెళ్ళి బ్యాండేజీ తెచ్చిచ్చింది.”

“సరే. మరి క్లాసెందుకు మానేశావు?”

“దోసెలు పోయనా?”

“ఊర్మీ, చెప్పు.”

“క్లాసులో ఒక్క మాట తప్పితే పద్నాలుగు తలలు నావైపు తిరుగుతాయండీ. టీచరు మంచిదే, నవ్వుతూ ఆగుతుంది. ఆవిడ అలా ఆగితేనే నాకు భయం. రెండేళ్ళుగా నేర్చుకున్నదంతా గొంతులోనే ఉండిపోతుంది. ఆటలో వాడు కొండ మీంచి పడి చస్తాడా, మూడు క్షణాల్లో అదే రాయి మీద లేచి నిలబడతాడు. ఎవ్వరూ ఏమీ అనరు. ఒక్క వంతెన మీంచే వాణ్ణి నలభైసార్లు చంపాను. నలభై ఒకటోసారి కూడా ఏమీ జరగనట్టే దూకాడు. నేనేమో బేకరీలో మొన్నమొన్నటిదాకా వేలు చూపించి రొట్టె కొన్నా.”

“మొన్న గురువారం పరీక్ష ఉండాలి కదా. అదీ పోయినట్టేగా?”

“వెళ్ళాను.”

“వెళ్ళావా!”

“మీకు చెప్పకుండా వెళ్ళాను. నోటి పరీక్షలో, మీరు చేసిన ప్రయాణం గురించి చెప్పండన్నారు. నేనెక్కడికెళ్ళాను, కిటాకీ సూపర్‌మార్కెట్‌కీ తప్ప? అందుకని గుహ చెప్పాను. తాడు తెగిందన్నాను. వంతెన కూలిందన్నాను. టైమయిందన్నా ఆపలేదు.”

“జర్మన్‌లోనే?”

“మరి తెలుగులోనా?”

“నమ్మారా?”

“అక్కడున్న పెద్దాయన, ఇన్సూరెన్సు చేయించుకునే వెళ్ళారా అని అడిగాడు.”

“పాసవుతావంటావా?”

“తెలీదు. నెల దాటితే గానీ ఫలితం రాదు. కానీ వచ్చేటప్పుడు బేకరీకెళ్ళి, గింజల రొట్టె కావాలి, ముక్కలు కోసివ్వండి అన్నాను. నోటితో. కోసిచ్చారండీ!”

“అంత ధారాళంగా మాటలెక్కడివి?”

“ఇంకెక్కడివి, ఆ దిక్కుమాలిన ఆటలోవే. మొదటి వారం వాడు శుభ్రంగా ఇంగ్లీషులో మాట్లాడాడు. ఆ తర్వాత ఏ బటన్ నొక్కానో ఏమో, అందరూ జర్మన్ అందుకున్నారు. మార్చుదామంటే మెనూ కూడా జర్మనే. తిట్టుకుంటూ, వాడి వెనకే గొణుక్కుంటూ ఆడాను. చివరికి కిటా టీచర్ నన్ను ఎలా ఉన్నారని అడిగితే, వాడిలాగే ‘ఇంకా ప్రాణాలతోనే ఉన్నా’ అన్నాను. ఆవిడ కంగారుపడి కుర్చీ వేసింది. మీరెందుకలా తల దించుకున్నారు?”

“నువ్వే బటనూ నొక్కలేదు ఊర్మీ.”

“అంటే?”

“ఇది స్కూలు వాళ్ళు రాసిన రెండో ఉత్తరం. మొదటిది వచ్చిన సాయంత్రం టీవీ పెడితే తెర మీద నీ ఆట కనిపించింది. ఎందుకెళ్ళట్లేదని నిన్ను అడిగే ధైర్యం లేక, దాన్ని జర్మన్‌లోకి మార్చేసి పడుకున్నాను.”