అరుళ్ ఫైలులో నేను రాసిన వాక్యం

సభాధ్యక్షులు, మన ఆస్పత్రి ట్రస్టు పెద్ద ఆనందరావు గారికి, వేదిక మీదున్న పెద్దలకి, నేను మైకు దగ్గరికి రాగానే గడియారం చూసుకున్న మా మత్తు డాక్టర్ భక్తవత్సలం గారికి, నర్సులకి, థియేటర్ సిబ్బందికి, అక్కడ వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ నా పీజీ పిల్లలకి నమస్కారం. ముందు వరుసలో పన్నెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఇరవై మూడేళ్లుగా మొత్తుకుంటున్నాను, క్లాసులోనూ ఇంతే, గోడే కావాలి వీళ్లకి. రండమ్మా, కూర్చోండి, ఇవాళ ప్రశ్నలు అడగను. (నవ్వులు) నవ్వడం కాదు, నిజంగానే రండి.

చెన్నైలో ఉండి తెలుగులో మాట్లాడుతున్నాను, తెలుగు రానివాళ్లకి పక్కనున్నవాళ్లు కాస్త చెవిలో చెప్పండి. పొగడ్తలు వదిలేసినా ఫరవాలేదు, తిట్లు మాత్రం పొల్లుపోకుండా చెప్పండి.

నాకంటే ముందు మాట్లాడిన ఆరుగురూ డాక్టర్ సత్యభామ అంటే ఓర్పుకి మారుపేరు అన్నారు. ఆ ఆరుగురిలో నలుగురు నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లే. సర్జరీ నేర్పాను, కుట్లు నేర్పాను, ఇంత నిబ్బరంగా అబద్ధం చెప్పడం వీళ్లకి ఎవరు నేర్పారో నాకు తెలియదు. (నవ్వులు)

పీజీ శిక్షణకి డైరెక్టర్ అంటే కత్తి పట్టడం నేర్పే మనిషి అని బయట అనుకుంటారు. కత్తి పట్టడం ఆర్నెల్లలో వస్తుంది. మిగతా రెండున్నరేళ్లూ నేను చేసిందల్లా డ్యూటీ చార్టు వేయడం, వేసిన చార్టు మార్చమని వచ్చినవాళ్లతో గొడవపడటం, మార్చాక ఎందుకు మార్చారని వచ్చిన ఇంకొకళ్లతో గొడవపడటం, మూడేళ్లపాటు రాయాల్సిన లాగ్‌బుక్కుని పరీక్షకి వారం ముందు ఒకే పెన్నుతో, ఒకే విడతలో రాసి తెచ్చినవాణ్ణి చూసి తల పట్టుకోవడం, ఆపైన మేనేజ్‌మెంటు వారు పంపిన ఫారం నింపి, ఆ ఫారం నింపాను అని ఇంకో ఫారంలో రాసి పంపడం. సెలవు చీటీల సంగతి చెప్పక్కర్లేదు. మన విక్రమ్ మూడేళ్లలో నలుగురు అమ్మమ్మల్ని సాగనంపాడు. (నవ్వులు) ఏం నాయనా, కోయంబత్తూరు నుంచి పని కట్టుకుని వచ్చావుట, సంతోషం, అమ్మమ్మలందరూ కులాసాయేనా?

సరే, నవ్వింది చాలు. ఇవాళ రిటైరవుతున్నాను, సాయంత్రం ఐదింటిదాకా నేనే డైరెక్టర్‌ని, అంటే ఐదింటిదాకా నా సంతకానికి విలువుంది. ఎల్లుండి సోమవారం మన విభాగంలోకి కొత్త సర్జన్‌ని ఎంచుకుంటున్నారు. దరఖాస్తు పెట్టుకున్నవాళ్లలో డాక్టర్ అరుళ్ ఒకడు. ఇక్కడే చదివాడు, తొమ్మిదేళ్ల కిందట. ఇది అతని మూడో దరఖాస్తు. మొదటి రెండుసార్లూ కమిటీవారు అతని ఫైలు తెరిచారు, ఒక వాక్యం చదివారు, మూసేశారు. ఆ వాక్యం రాసింది నేను. ఈ సన్మానం వద్దు వద్దంటూనే చివరికి ఒప్పుకున్నది ఆ సంగతి అందరి ముందూ చెప్పడానికే. ఆనందరావు గారు పొద్దున్న నాతో, "పాత విషయాలు ఎందుకమ్మా, ఈ ఒక్క రోజు మర్యాదగా గడిపేద్దాం" అన్నారు. మర్యాదగానే గడిపేస్తున్నానండీ తొమ్మిదేళ్లుగా, అదే నా బాధ.

తొమ్మిదేళ్ల కిందట ఒక ఆదివారం. అత్యవసరమైతే పిలవాల్సిన సీనియర్‌ని నేను. మా చెల్లెలి కూతురి పెళ్లికి పట్టుచీరలు కొనాలని టి. నగర్‌లో ఉన్నాను. ఆదివారం పూట పాండీ బజారు ఎలా ఉంటుందో మీకు చెప్పాలా, లోపలికి వెళ్లడానికి గంట, బయటికి రావడానికి ఇంకో గంట. పదకొండింటికి ఫోన్ మోగింది. అరుళ్. మూడో ఏడాది పీజీ, తమిళ పిల్లవాడు, నా కోసమని వచ్చీరాని తెలుగులో మాట్లాడేవాడు. "మేడమ్, ఆరో బెడ్డు డ్రెయిన్ తీసేదా?" అన్నాడు. పొట్టలో పెట్టిన గొట్టం ఇవాళ తీయాలా రేపు తీయాలా అని, అంతే. ఎంత సమయం పడుతుంది జవాబు చెప్పడానికి? తీసెయ్ అంటే అయిపోయేది.

నేను అరిచాను. "మూడో ఏడాదికి వచ్చినావు, గొట్టం పీకేదానికి కూడా నేనే కావాల్నా? ఇంకోసారి ఇట్లాంటిదానికి నన్ను పిలిస్తే చూడు!" చీర విప్పి చూపిస్తున్న కుర్రవాడు తననే అన్నాననుకుని చీర మడిచేశాడు. (కొద్దిగా నవ్వులు) అప్పుడు నేనూ నవ్వుకున్నాను.

మధ్యాహ్నం రెండింటికి రాయపురం నుంచి పొన్నమ్మను తీసుకొచ్చారు. చేపల వ్యాపారం చేసుకునే మనిషి. హెర్నియాలో పేగు ఇరుక్కుపోయింది, వెంటనే ఆపరేషన్ చేయాలి. అరుళ్ చేయగలడు, బాగానే మొదలుపెట్టాడు. ఇరుక్కున్న పేగు బయటికి తీశాక దాని రంగు చూస్తే బతికుందో చచ్చిందో తేలలేదు. చచ్చిన పేగైతే కోసి తీసేయాలి, బతికున్నదైతే లోపల పెట్టేయాలి. వేడి గుడ్డ కప్పి పది నిమిషాలు చూశాడట, అయినా తేలలేదు. ఇరవై ఏళ్లు చేసినవాళ్లకి కూడా అక్కడ ఇంకో జత కళ్లు కావాలి. పక్కనే ఉన్న మన సిస్టర్ జనని, "మేడమ్‌ని పిలుద్దాం డాక్టర్, ఫోన్ నేను చెవికాడ పెడతాను" అంది. అతను, "వద్దు సిస్టర్. పొద్దున ఒకసారి అయిపోయింది" అన్నాడు. పేగుని లోపల పెట్టి కుట్టేశాడు.

మూడో రోజు ఆ పేగుకి చిల్లుపడింది. రెండో ఆపరేషన్ నేనే చేశాను. పొన్నమ్మ నలభై ఒక్క రోజులు మన దగ్గర పడుకుంది, బతికింది. ఫోన్ సంగతి జనని నాకు ఆ రెండో ఆపరేషన్ రోజే చెప్పింది. కాబట్టి నాకు తెలియదని మీరెవరూ నా తరఫున వాదించకండి.

విచారణ జరిగింది. నివేదిక నేను రాశాను. "సందేహం ఉన్నప్పటికీ విధుల్లో ఉన్న సీనియర్ సర్జన్‌కు తెలియజేయలేదు." చూడండి ఎంత చక్కటి వాక్యమో, ఒక్క అక్షరం అబద్ధం లేదు. పొద్దున్న అతను పిలిచాడనీ, నేను ఏమన్నాననీ రాయలేదు, అంతే. ఎందుకు పిలవలేదని కమిటీవారు అడిగితే అరుళ్ నా వైపు చూశాడు. నేను కాగితాల్లోకి చూశాను. అతను "నాదే తప్పు" అన్నాడు. అతని శిక్షణ ఆరు నెలలు పొడిగించారు. పొడిగింపు ఉత్తర్వు మీద కూడా నా సంతకమే.



ఆ నలభై ఒక్క రోజులూ అతను పొన్నమ్మ మంచం దగ్గరే తిరిగాడు. వార్డులో నేను అతన్ని దేనికో కసురుతుంటే ఆవిడే నన్ను ఆపింది. "ఏమ్మా, ఆ అయ్యను ఊరికే ఎందుకు అరస్తా ఉండావు? నాకు ఈడ దిక్కు ఆయప్పే. నువ్వు కేకలేస్తే ఆయప్ప నోరే ఎత్తడు, నాకేమన్నా అయితే నీకెవరు చెప్పేది?" పొట్ట మీద కుట్లతో పడుకున్న మనిషికి అర్థమైంది నాకు అర్థం కాలేదంటే, ఈ శాలువాలు కప్పినవాళ్లని ఏమనాలో నాకు తెలియడం లేదు.

ఆ తరువాత నేను మారిపోయానని అనుకోకండి. ఒక నెల మెత్తగా మాట్లాడాను, పీజీలు నాకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు, మళ్లీ మామూలే. పీజీల మీద నాకు చిరాకు అని ఊరంతా తెలుసు. నా మీద నాకున్న చిరాకులో అది పదో వంతు కూడా కాదు.

శ్రీకుమార్, సోమవారం నుంచి నువ్వు డైరెక్టర్‌వి. నీ గొంతు నా గొంతుకన్నా పెద్దది, రెండో అంతస్తులో అరిస్తే క్యాంటీన్‌లో వినిపిస్తుంది. (నవ్వులు) నీకు నేను ఇచ్చి పోయే సలహా ఒక్కటే. పిల్లలు పిలిస్తే ముందు వెళ్లు. వెళ్లి పని చూడు. తిట్టాలనిపిస్తే పేషెంటు బాగుపడ్డాక తిట్టుకో. ఎందుకు పిలిచావ్ అని మాత్రం ఎప్పుడూ అడక్కు.

ఈ సంగతి ముందుగా చెప్పాలని నిన్న అరుళ్‌కి ఫోన్ చేశాను. తొమ్మిదేళ్లలో మొదటిసారి. నేను పేరు చెప్పాను. అవతలినుంచి మెల్లిగా, "మేడమ్, నేను ఏమి తప్పు చేసినాను?" అన్నాడు.

నలభై ఏళ్లు దాటిన మనిషి. సొంతంగా వేల ఆపరేషన్లు చేసిన మనిషి. నా గొంతు వినగానే అతనికి వచ్చిన మొదటి మాట అది. ఇరవై మూడేళ్లు నేను ఏం నేర్పానో నిన్న సాయంత్రం తెలిసింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా, దాచుకోవడం ఎందుకు.

ఆనందరావు గారూ, ఇదిగోండి ఉత్తరం. రెండే వాక్యాలు, చదువుతాను. "ఆ రోజు ఉదయం డాక్టర్ అరుళ్ నాకు ఫోన్ చేశారు, నేను కసిరి పెట్టేశాను. మధ్యాహ్నం ఆయన నన్ను పిలవకపోవడానికి కారణం నేనే." పాత కాగితం పైన దీన్ని కుట్టండి, కింద కాదు, ఫైలు తెరవగానే కనపడాలి. మీరు తరువాత చూద్దామంటారని తెలుసు, ఎన్ని ఉత్తరాలు మీ దగ్గర తరువాతలో ఉన్నాయో కూడా తెలుసు. అందుకే రెండు కాపీలు తెచ్చాను. రెండోదాని మీద అందినట్టు సంతకం చేసి నాకివ్వండి. ఇప్పుడే. పెన్ను లేదా? శ్రీకుమార్, అయ్యగారికి పెన్నివ్వు.

(ఆనందరావు గారు కళ్లజోడు పెట్టుకుని, ఉత్తరం చదివి, సంతకం చేస్తారు.)

తేదీ కూడా వేయండి.

జననికి, పొన్నమ్మకి, ఇన్నేళ్లు నన్ను భరించిన మీ అందరికీ నా కృతజ్ఞతలు. అరుళ్‌కి క్షమాపణ ఈ మైకులో చెప్పను, ఇప్పుడు బస్సెక్కి అతని దగ్గరికి వెళుతున్నాను, తలుపు తీస్తే చెబుతాను. సెలవు.