కత్తెరత్త మేకుల చెక్క

ఆ చెక్కా? దాన్ని పాతసామాన్లో పడెయ్యకమ్మా, అలా ఉండనీ. చూడ్డానికి వట్టి మేకులు కొట్టిన చెక్కే, కాదనను. పద్దెనిమిది మేకులుంటాయి. మీ అమ్మ చిన్నప్పుడు మేమున్న మేడలో పద్దెనిమిది వాటాలు, వాటాకో మేకు. అది కత్తెరత్తది. ఆవిడ పోయి పాతికేళ్ళు దాటింది, నువ్వు చూడలేదు. మెట్ల కింద కుట్టుమిషను వేసుకునేది. మనిషి నిలబడితే నెత్తికి మెట్టు తగిలే చోటు. ఆవిడకి తగిలేది కాదు, పొట్టిది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళకి తగిలేది. పిల్లలతోపాటు మేమూ కత్తెరత్తే అనేవాళ్ళం. అసలు పేరు ఆవిడ పోయినప్పుడు కాగితం మీద చూసి, ఎవరబ్బా ఈవిడ అనుకున్నాం. నీకు సెలవులింకా ఎన్నాళ్ళున్నాయన్నావు? సరేలే.

ఏం చెబుతున్నాను, ఆ, మేకులు. పొద్దున్నే నేను అచ్చాఫీసుకి, మీ అమ్మమ్మ టెలిఫోను ఆఫీసుకి. తాళంచెవి మా మేకుకి తగిలించి పోయేవాళ్ళం. పిల్లలు బడి నుంచి వచ్చి తీసుకోవాలి. ఊరికే ఇచ్చేది కాదు. ఆ పూట జరిగింది ఏదో ఒకటి చెప్పాలి. నోట్లో గుండుసూదులు పెట్టుకుని "ఊఁ, చెప్పు" అనేది. "ఏమీ లేదత్తా" అన్నారో, "ఏమీ లేకపోతే తాళంచెవి కూడా లేదు" అనేది. అబద్ధమైనా పుచ్చుకునేది. మూడో వాటావాళ్ళబ్బాయి రోజూ "లెక్కల మాస్టారు కళ్ళు తిరిగి పడిపోయారత్తా" అని చెప్పి తాళంచెవి పట్టుకుపోయేవాడు. నెల్లాళ్ళు పడ్డాడాయన. ఆవిడ ఒక్కనాడూ కాదనలేదు. ఓ రోజు మాత్రం "ఇవాళ ఎటువైపు పడ్డాడ్రా" అంది. వాడు ఎడమా కుడా అని ఆలోచించుకుని, ఏడ్చేశాడు. లెక్కల్లో తప్పాడట. వాళ్ళ నాన్నకి చెప్పడానికి ఆవిడే వెళ్ళింది, వాడి నిక్కరు పట్టుకుని, కుట్లు ఊడాయన్న వంకతో.

మీ అమ్మకి పదమూడేళ్ళప్పుడు నాతో అంది, "నాన్నా, ఆవిడ అందరి ముందూ అడుగుతుంది, నాకు ఇష్టం లేదు" అని. నేను అప్పట్లో మహా రోషగాణ్ణిలే. మనింటి సంగతులు మెట్ల కింద ఎందుకు, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, అన్నాను. తెల్లారి మారుతాళంచెవి చేయించి దాని చేతిలో పెట్టాను. మొదటిది తిరగలేదు, రెండోసారి అరగదీయించి మరీ తెచ్చాను. అంత శ్రద్ధగా చేశాను ఆ పని. మా మేకు ఖాళీ అయింది. కత్తెరత్త చూసింది. పిల్లేమో మేడ వెనకవైపు మెట్ల మీదుగా రావడం పోవడం మొదలుపెట్టింది. ఇంట్లో అడిగితే "బాగానే ఉన్నాను". హాయిగా ఉందనుకున్నాం. అడిగే పని తప్పిందిగా మాకు కూడా.

రెండు నెలలు గడిచాయి. దాని బడి లంగా నడుం దగ్గర జారుతోంది. మీ అమ్మమ్మ కుట్టు బిగించమని కత్తెరత్తకి ఇచ్చింది. మూడు వారాలకి మళ్ళీ జారింది, మళ్ళీ ఇచ్చింది. "పాడు గుడ్డ, సాగిపోతోంది" అంది. నేనూ అవునన్నాను, గుడ్డ గురించి నాకేదో తెలిసినట్టు. మర్నాడు పనికి పోతూంటే కత్తెరత్త మెట్ల దగ్గర ఆపింది. చేతిలో కొలతల పుస్తకం. "బడి తెరిచినప్పుడు పిల్ల నడుం ఇరవయ్యారు అంగుళాలు. మొదటిసారి బిగించినప్పుడు ఇరవై నాలుగున్నర. ఇప్పుడు ఇరవై మూడు. గుడ్డ సాగదండీ, ఉతికితే కుంచించుకుంటుంది" అంది. అంతే. మిషను తొక్కుకోవడం మొదలుపెట్టింది.

అచ్చాఫీసులో అక్షరాలు పేర్చడం నా పని. ఆ పూట పెళ్ళి శుభలేఖలో పెళ్ళికొడుకు తాతగారి పేరు పెళ్ళికొడుకుగా పేర్చాను. నాలుగు తిట్లు తిని, మధ్యాహ్నానికే ఇంటికొచ్చి తలుపు తీశాను. మీ అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. బడి బట్టలతో, సంచీ భుజానే ఉంది, దింపను కూడా లేదు. "బడికి సెలవా" అన్నాను. "ఊఁ" అంది. "ఎన్నాళ్ళ నుంచి" అన్నాను. "పన్నెండు రోజులు." "ఏమైందమ్మా" అన్నాను. "ఏమీ లేదు" అంది. నా దగ్గర ఆపి ఉంచడానికి తాళంచెవి లేదు కదా.

కిందికి పోయి ఆవిడ ముందు నిలబడ్డాను. నెత్తికి మెట్టు తగిలింది. ఓదారుస్తుందేమో అనుకున్నాను. "ఆ మారుతాళంచెవి ఇలా తెచ్చివ్వండి" అంది. ఇస్తే బొత్తాల డబ్బాలో పడేసింది. "నాకు చూపు మందగించింది, సూదుల్లో దారం ఎక్కించే మనిషి కావాలి, సాయంత్రం మీ పిల్లని పంపండి" అంది. కళ్ళు మూసుకుని దారం ఎక్కించగలదావిడ, మేడంతా ఎరుగుదుం. పంపాను. మర్నాడు బడి దాకా నేనే దిగబెట్టాను. గేటులోంచి లోపలికి వెళ్ళేదాకా నిలబడ్డాను. సాయంత్రాలు అక్కడ. ఎనిమిది రోజులు ఇద్దరికీ మాటల్లేవు, సూదులు మాత్రం ఊళ్ళోవాళ్ళందరికీ సరిపడా తయారయ్యాయి. తొమ్మిదో రోజు పిల్ల ఏదో చెప్పిందట. ఆ రాత్రి మీ అమ్మ అన్నం రెండోసారి అడిగి వేయించుకుంది. నేను ఉండబట్టలేక "ఏం చెప్పిందండీ" అని కత్తెరత్తని అడిగాను. "నాకు చెప్పింది, మీకు కాదు. మీకు కావాలంటే మీరూ అడగండి, రోజూ, ఎదురుగా కూర్చుని" అంది. అడిగాను. నాకు చెప్పడానికి ఇంకో ఏడాది పట్టింది. అదేమిటో నేను నీకు చెప్పను, మీ అమ్మనే అడుగు.

ఆవిడ పోయాక మిషను ఎవరో పట్టుకెళ్ళారు. చెక్క ఎవరూ అడగలేదు, నేను తెచ్చుకున్నాను.

చేతిలో ఏమిటది, నీ హాస్టలు గది తాళంచెవా? ఇలా ఇవ్వు. ఆ, ఈ మేకు బాగుంది. ఉండనీ అక్కడ. నువ్వొచ్చి పదకొండు రోజులైందమ్మా. మీ అమ్మ నీ గళ్ళ చొక్కా దర్జీ దగ్గర కుట్టు బిగించి తెమ్మని నాకు ఇచ్చి వెళ్ళింది.

కూర్చో. నాకేం తొందర లేదు.

ఊఁ, చెప్పు.